ఉత్తరాంధ్ర జిల్లా పత్రికల్లో పాఠశాల క్రీడావార్త: తల్లిదండ్రుల అభ్యంతరాలు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠశాల క్రీడల గురించి స్థానిక పత్రికలు రాసే తీరుపై తల్లిదండ్రులు వ్యక్తం చేసే అసంతృప్తి పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. ఎవరి పేరు అచ్చయింది, ఎవరిది అచ్చు కాలేదు, ఫొటోలో ఎవరు ముందున్నారు అనే ప్రశ్నలు పత్రికా చరిత్రలో చోటు చేసుకోదగినవిగా తోచవు. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంటి ప్రాంతంలో బడిపిల్లల క్రీడాజీవితం గురించి ప్రజలందరికీ అందుబాటులో ఉండే లిఖిత ఆధారం జిల్లా ఎడిషన్‌లో వచ్చే నాలుగైదు వాక్యాల వార్త. అందువల్ల ఆ వార్త ఎలా పుట్టింది, ఎవరి కోసం రాయబడింది, దానిపై అభ్యంతరం చెప్పే మార్గం ఎవరికి ఉంది అన్నవి సామాజిక చరిత్రకు సంబంధించిన ప్రశ్నలవుతాయి. ఈ వ్యాసం ఉత్తరాంధ్ర క్రీడాచరిత్రను, తెలుగు దినపత్రికల జిల్లా ఎడిషన్ల పుట్టుకను కలిపి పరిశీలిస్తుంది. ఇదే అంశం బహిరంగ వివాదంగా ఎదిగిన అమెరికా అనుభవంతో పోల్చి, ఇక్కడి అభ్యంతరాల ప్రత్యేక స్వభావాన్ని నిర్ధారించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: ఉత్తరాంధ్ర, జిల్లా ఎడిషన్, పాఠశాల క్రీడలు, విలేకరి వ్యవస్థ, పాఠకుల అభ్యంతరం, కరణం మల్లీశ్వరి, కొండవెలగాడ.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళంలోని ప్రధాన క్రీడాప్రాంగణం కోడి రామమూర్తి పేరుతో ఉంది. విజయనగరంలోని క్రీడాప్రాంగణం విజ్జీ పేరుతో ఉంది. ఈ రెండు పేర్ల మధ్య ఉన్న అంతరం క్రీడాకారుడి కీర్తి ఎలా నమోదవుతుందో చెప్పడానికి మంచి ప్రారంభస్థానం.

కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత సర్కస్ కంపెనీ స్థాపించి తన బలప్రదర్శనలతో దేశమంతటా పేరు పొందాడు. 1942లో మరణించాడు. ఆయన గురించి తరువాతి తరాలకు అందిన సమాచారంలో అధిక భాగం జనశ్రుతి. గుండెల మీద ఏనుగును ఎక్కించుకోవడం, కార్లను కదలకుండా పట్టుకోవడం వంటి ప్రదర్శనల కథలు నోటి మాటగానే ఈ ప్రాంతంలో నిలిచాయి.

విజయనగర రాజకుటుంబానికి చెందిన మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు (1905-1965) స్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. 1936లో ఇంగ్లండు పర్యటించిన భారత క్రికెట్ జట్టుకు ఆయన నాయకుడు. ఆ పర్యటనలో మూడు టెస్టుల ఆరు ఇన్నింగ్సులలో ఆయన చేసిన 33 పరుగులు, లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో స్వదేశానికి పంపించిన వివాదం, రెండూ వివరంగా నమోదయ్యాయి. ఆటలో ఆయన సాధించినది స్వల్పమే అయినా లిఖిత ఆధారం సమృద్ధిగా ఉంది. డ్రిల్లు మాస్టరు బలం జనం జ్ఞాపకంలోనూ, రాజకుమారుడి ఆట పత్రికల్లోనూ మిగిలాయి. నమోదు ప్రతిభను అనుసరించి జరగదనీ, పత్రికకు ఎవరు దగ్గరగా ఉన్నారన్న దాన్ని అనుసరించి జరుగుతుందనీ ఈ పోలిక సూచిస్తుంది. నేటి తల్లిదండ్రుల అభ్యంతరానికి మూలం కూడా ఇదే.

2. దూరపు పత్రిక నుంచి జిల్లా పత్రిక వరకు

ఇరవయ్యో శతాబ్దం పూర్వార్ధంలో తెలుగు దినపత్రికలకు కేంద్రం మద్రాసు. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. ఆంధ్రప్రభ 1938లో మద్రాసులోనే ప్రారంభమైంది. ఆంధ్రజ్యోతి 1960లో విజయవాడ నుంచి వచ్చింది. అచ్చుయంత్రం ఎంత దూరంలో ఉంటే ఆ ప్రాంతపు వార్తకు అంత తక్కువ చోటు దొరకడం సహజం. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న ప్రత్యేక జిల్లాగా ఏర్పడినా, అక్కడి పాఠశాల ఆటలపోటీల ఫలితం మద్రాసులోనో విజయవాడలోనో అచ్చయ్యే పత్రికకు వార్త కాలేదు. విజయవాడలో అచ్చయిన పత్రిక ఉత్తరాంధ్రకు చేరేసరికి పొద్దెక్కేది.

1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నం నుంచి వెలువడడం ఈ పరిస్థితిలో మార్పుకు ప్రారంభం. తెల్లవారకముందే పత్రికను పాఠకుడి ఇంటికి చేర్చడం, స్థానిక వార్తలకు ప్రాధాన్యం ఇవ్వడం ఆ పత్రిక అనుసరించిన పద్ధతులు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 1989లో ఈనాడు జిల్లాకొక టాబ్లాయిడ్ అనుబంధాన్ని ప్రారంభించింది. తరువాతి కాలంలో ఇతర దినపత్రికలు కూడా ఈ మార్గాన్ని అనుసరించాయి. భారతీయ భాషా పత్రికల విస్తరణను అధ్యయనం చేసిన రాబిన్ జెఫ్రీ ఈ పరిణామంలో స్థానికత పాత్రను విశేషంగా గుర్తించాడు. తన ఊరి పేరు, తన వాళ్ల పేరు అచ్చులో చూసుకునే అవకాశం కొత్త పాఠకుణ్ణి తెస్తుంది. చిన్న పట్టణంలోని వర్తకుడి ప్రకటనకు కూడా అక్కడ చోటు ఏర్పడుతుంది.

పాఠశాల క్రీడావార్తకు శాశ్వత స్థానం లభించింది ఈ జిల్లా ఎడిషన్‌లోనే. మండల స్థాయి ఖోఖో పోటీలు, జిల్లా కబడ్డీ జట్టు ఎంపిక, రాష్ట్రస్థాయి అథ్లెటిక్స్‌కు ఎంపికైన విద్యార్థుల వివరాలు అచ్చుకు అర్హమైన సమాచారంగా మారాయి. అదే సమయంలో ఒక కొత్త అపేక్ష కూడా పుట్టింది. వార్త రాని రోజుల్లో అది రాలేదని బాధపడే అవకాశం లేదు. పక్క ఊరి పిల్లవాడి పేరు అచ్చయిన తరువాతనే తమ పిల్ల పేరు అచ్చు కాలేదన్న బాధకు అర్థం ఏర్పడుతుంది. తల్లిదండ్రుల అభ్యంతరం జిల్లా ఎడిషన్ కంటే పాతది కాజాలదు.

3. వార్త నిర్మాణం - అభ్యంతరాల స్వరూపం

జిల్లా ఎడిషన్‌కు వార్తలు సమకూర్చేవారిలో ఎక్కువ మంది పూర్తికాలపు జీతగాళ్లు కారు. కంట్రిబ్యూటర్ లేదా స్ట్రింగర్ అని పిలిచే మండల విలేకరి అచ్చయిన వార్త కొలతను బట్టి స్వల్ప పారితోషికం పొందుతాడు. చాలా సందర్భాల్లో ప్రకటనల సేకరణ కూడా అతని బాధ్యతలో భాగం. ఒకే వ్యక్తి మండలంలోని పంటనష్టం, రోడ్డు ప్రమాదం, రాజకీయ సభ, పాఠశాల ఆటలు అన్నీ రాయాలి. రోజంతా మైదానంలో కూర్చుని పోటీలు చూసే వీలు అతనికి ఉండదు. కాబట్టి క్రీడావార్తకు ఆధారం వ్యాయామోపాధ్యాయుడో, పోటీల నిర్వాహకుడో ఇచ్చే సమాచారమే. ఆ సమాచారాన్ని ఇచ్చేవారి అవసరాలు వార్త రూపాన్ని నిర్ణయిస్తాయి.

ఈ రకం వార్తకు స్థిరపడిన క్రమం ఒకటి ఉంది. మొదటి వాక్యంలో ముఖ్య అతిథి, ఆయన మాటల సారాంశం. తరువాత వేదికపై ఉన్న ప్రజాప్రతినిధులు, అధికారులు, దాతల పేర్లు. ఆ తరువాత గెలిచిన పాఠశాలలు. చివర, చోటు మిగిలితే, పిల్లల పేర్లు. పేజీలో స్థలం తగ్గినప్పుడు వార్తను కింది నుంచి కత్తిరించడం డెస్క్ అలవాటు. అందువల్ల మొదట తొలగిపోయేది పిల్లల పేరే. ఇందుకు ఎవరి దురుద్దేశమూ అవసరం లేదు, వార్త కట్టుబడే అందుకు చాలు. ఫొటో విషయంలోనూ ఇదే వరుస. కప్పు అందిస్తున్న నాయకుడు మధ్యలో, అందుకుంటున్న క్రీడాకారిణి అంచున కనిపిస్తారు.

ఈ నిర్మాణం నుంచి మూడు రకాల అభ్యంతరాలు పుడతాయి. మొదటిది నమోదుకు సంబంధించినది. పేరు రాలేదు, ఇంటిపేరు తప్పు పడింది, ఊరి పేరు బదులు మండల కేంద్రం పేరు పడింది అన్నవి ఈ కోవలోవి. రెండవది క్రమానికి సంబంధించినది. పిల్ల గెలిస్తే పాఠశాల యాజమాన్యం పేరు ముందు వచ్చింది, శిక్షకుడి పేరు లేదు, ప్రభుత్వ పాఠశాల విజయానికి రెండు వాక్యాలు, ప్రకటన ఇచ్చే ప్రైవేటు విద్యాసంస్థకు ఫొటోతో సహా సగం పేజీ అన్నవి ఇందులోకి వస్తాయి. మూడవది తీర్పుకు సంబంధించినది. పిల్లల ఆటను విమర్శించడం, ఓటమికి ఒకరిని బాధ్యులను చేయడం దీనికి ఉదాహరణలు. ఉత్తరాంధ్ర జిల్లా ఎడిషన్లలో మూడవ రకానికి దాదాపు ఆస్కారం లేదు. నిర్వాహకుడి ప్రకటన ఆధారంగా రాసే వార్తలో విమర్శ ఉండదు. అందుకే ఇక్కడి అభ్యంతరం పత్రిక అన్న మాట గురించి కాక, అనని మాట గురించి వస్తుంది.

4. అక్షరాస్యత, ఫొటో, పేపర్ కటింగ్

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67.02 శాతం. ఈ అంకెలను క్రీడావార్తల సందర్భంలో చదివినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. క్రీడాకారుల తల్లిదండ్రులలో గణనీయమైన భాగం ఆ వార్తను స్వయంగా చదవలేనివారు. వారికి వార్త మరొకరి గొంతులో వినిపిస్తుంది. తమ కళ్లతో తాము చదవగలిగింది ఫొటో ఒక్కటే. అక్షరం రాని తల్లికి ఫొటోలో బిడ్డ ముఖం కనిపించకపోవడమంటే వార్త రాకపోవడమే. ఫొటో కూర్పుపై వచ్చే అభ్యంతరాన్ని ఆడంబరంగా కొట్టిపారేయడానికి వీల్లేని కారణం ఇదే.

అచ్చయిన వార్తను కత్తిరించి, లామినేషన్ చేయించి, ధ్రువపత్రాల ఫైలులో దాచుకోవడం క్రీడాకారుల ఇళ్లలో సాధారణ దృశ్యం. అయితే ఉన్నత విద్యాప్రవేశాల్లోనూ, ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ క్రీడాకోటా కింద చెల్లుబాటయ్యేది నిర్ణీత నమూనాలో గుర్తింపు పొందిన క్రీడాసంఘం ఇచ్చే ధ్రువపత్రమే, పేపర్ కటింగ్ కాదు. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడల సమాఖ్య పరిధిలో జరిగే పోటీలకు కూడా ఇదే వర్తిస్తుంది. చట్టపరంగా విలువ లేని ఆ కాగితానికి కుటుంబం ఇంత విలువ ఎందుకిస్తుంది? ధ్రువపత్రం దరఖాస్తుతో పాటు మాత్రమే బయటికి వస్తుంది. పేపర్ కటింగ్ ఊరికి సమాధానం చెబుతుంది. ఆడపిల్లను ఆటలకు పంపడం గురించి బంధువులు, ఇరుగుపొరుగువారు వేసే ప్రశ్నకు అది కుటుంబం చూపించగల జవాబు. అందులో పేరు తప్పు పడితే ఆ జవాబు బలహీనపడుతుంది.

5. ఊసవానిపేట, కొండవెలగాడ

ఈ ప్రాంతపు క్రీడాచరిత్రలో వెయిట్‌లిఫ్టింగ్‌ది విశిష్ట స్థానం. మహిళల తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1987లో జరిగింది. ఒలింపిక్స్‌లో మహిళల విభాగం 2000లో చేరింది. ఈ రెండు సంవత్సరాల మధ్యనే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న శిక్షణలో కరణం మల్లీశ్వరి ఎదిగింది. 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె.

సిడ్నీకి ముందు ఆమె ఎంపికపైనా, శరీర బరువుపైనా జాతీయ పత్రికల్లో విమర్శలు వచ్చాయి. పతకం తరువాత అవే పత్రికలు ప్రశంసించాయి. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తలేకపోవడంపై చర్చ జరిగింది. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తిన మొత్తం 242.5 కిలోలే కావడం ఆ చర్చకు కారణం. ముందు పేర్కొన్న మూడవ రకం అభ్యంతరం, అంటే తీర్పుపై అభ్యంతరం, ఉత్తరాంధ్ర క్రీడాకారిణి విషయంలో తలెత్తింది ఆమె జిల్లా ఎడిషన్ పరిధి దాటి జాతీయ పత్రికల దృష్టిలోకి వెళ్లిన తరువాతనే. స్థానిక పత్రిక ప్రశంసకు అలవాటు పడిన కుటుంబానికి జాతీయ పత్రిక విమర్శ ఆకస్మికంగా ఎదురవుతుంది. మధ్యలో ఆటను ఆటగా విశ్లేషించే స్థాయి ఏదీ ఉండదు.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల గ్రామంగా పేరు పొందింది. ఆ గ్రామానికి చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. స్వర్ణం పొందిన 16 ఏళ్ల నైజీరియా క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో విఫలం కావడంతో సంతోషి పతకం రజతంగా మారింది. పోటీ మరునాటి పత్రికలో కాంస్యమని అచ్చయిన వార్త ఆనాటికి సత్యమే, ఆ తరువాత అసత్యమైంది. అధికారిక రికార్డు మారుతుంది, పేపర్ కటింగ్ మారదు. అంతర్జాతీయ పోటీ కాబట్టి సవరణ కూడా వార్తగా వచ్చింది. మండల స్థాయి పోటీలో ఫలితం తారుమారైనా, పేరు తప్పు పడినా ఆ సవరణకు రెండోసారి చోటు దొరకడం కష్టం. తొలిసారి అచ్చయిన రూపమే స్థిరపడుతుంది.

6. అమెరికా అనుభవం: అభ్యంతరం బహిరంగమైన తీరు

పాఠశాల క్రీడావార్తపై తల్లిదండ్రుల ఫిర్యాదు ఒక గుర్తింపు పొందిన బహిరంగ వ్యవహారంగా కనిపించేది అమెరికాలో. అక్కడి చిన్న పట్టణాల్లో హైస్కూలు జట్టు పట్టణానికే ప్రతినిధి. స్థానిక పత్రిక విలేకరి మ్యాచ్‌ను స్వయంగా చూసి, గణాంకాలతో సహా సమీక్ష రాస్తాడు. అందువల్ల వార్తలో ప్రశంసతో పాటు విమర్శ కూడా ఉంటుంది. టెక్సాస్‌లోని ఒడెస్సా పట్టణంలో హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుపై బిస్సింజర్ రాసిన పుస్తకం 1990లో వెలువడినప్పుడు ఆ పట్టణంలో తీవ్ర ఆగ్రహం వ్యక్తమైంది.

అదే సంవత్సరం అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మిల్కోవిచ్ కేసు ఈ అంశానికి మరింత సన్నిహితం. 1974లో ఒహాయో రాష్ట్రంలో రెండు హైస్కూలు జట్ల మధ్య కుస్తీ పోటీ కొట్లాటగా మారింది. రాష్ట్ర పాఠశాల క్రీడాసంఘం తీసుకున్న చర్యపై విద్యార్థులు, తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. విచారణ తరువాత స్థానిక పత్రికలోని ఒక శీర్షిక, శిక్షకుడు మిల్కోవిచ్ ప్రమాణం చేసి అబద్ధమాడాడనే అర్థం వచ్చేలా రాసింది. ఆయన వేసిన పరువునష్టం దావా పదిహేనేళ్లకు పైగా సాగింది. అభిప్రాయం అని పేరు పెట్టినంత మాత్రాన నిజానిజాల నిర్ధారణకు లోబడే ఆరోపణకు ప్రత్యేక రక్షణ లభించదని 1990 జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. హైస్కూలు ఆట గురించి స్థానిక పత్రిక రాసిన మాట దేశపు పత్రికాచట్టాన్నే ప్రభావితం చేసింది.

బాలికల క్రీడలకు దక్కే స్థలం మరో వివాదం. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించే 'టైటిల్ నైన్' చట్టం 1972లో వచ్చింది. 1971-72లో అమెరికా హైస్కూలు క్రీడల్లో బాలికలు 2,94,015 మంది, బాలురు 36,66,917 మంది. తరువాతి దశాబ్దాల్లో బాలికల సంఖ్య 30 లక్షలు దాటింది. మైదానంలో వచ్చిన ఈ సమానత్వం క్రీడాపుటలో ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఆ చట్టమే నేపథ్యాన్ని కల్పించింది.

ఈ పోలిక నుంచి రెండు భేదాలు తేలుతాయి. అమెరికాలో విలేకరి మైదానంలో ఉంటాడు కాబట్టి తీర్పుపై ఫిర్యాదు వస్తుంది. ఉత్తరాంధ్రలో విలేకరి వేదిక దగ్గరే ఆగిపోతాడు కాబట్టి నమోదుపై, క్రమంపై ఫిర్యాదు వస్తుంది. అక్కడ తల్లిదండ్రులు పత్రికకు చందాదారులుగా, పన్ను చెల్లించే పౌరులుగా మాట్లాడతారు. ఇక్కడ వ్యాయామోపాధ్యాయుడి ద్వారానో, తెలిసిన విలేకరి ద్వారానో విన్నవించుకుంటారు. మొదటిది హక్కు భాష, రెండవది మనవి భాష.

7. పరిహార మార్గాలు

భారత ప్రెస్ కౌన్సిల్ 1966లో ఏర్పడింది. ప్రస్తుత కౌన్సిల్‌కు ఆధారం 1978 చట్టం. దినపత్రికలో వచ్చిన వార్తపై ఫిర్యాదు చేయదలచినవారు ముందుగా సంపాదకుడికి రాయాలి. సంతృప్తి కలగకపోతే ప్రచురణ తేదీ నుంచి 2 నెలలలోగా కౌన్సిల్‌ను ఆశ్రయించాలి. కౌన్సిల్ పత్రికను హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు గాని జరిమానా విధించలేదు. తప్పు జరిగినప్పుడు సవరణను తగిన ప్రాముఖ్యంతో ప్రచురించాలని కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు చెబుతున్నాయి. ది హిందూ పత్రిక 2006లో పాఠకుల ఫిర్యాదుల పరిశీలనకు రీడర్స్ ఎడిటర్‌ను నియమించింది.

అయితే తమ కూతురి ఇంటిపేరు తప్పు పడిందని ఢిల్లీలోని సంస్థకు రాయడం ఒక వ్యవసాయ కూలీ కుటుంబానికి ఊహకందని పని. నమోదు లోపాన్ని తీవ్రమైన నైతిక ఉల్లంఘనగా పరిగణించే పద్ధతీ లేదు. ఈ కారణంగా అభ్యంతరం సంస్థల దాకా వెళ్లకుండా సొంత ప్రచురణ రూపం తీసుకుంటుంది. ఊరి కూడలిలో కట్టే ఫ్లెక్సీ, చరవాణిలో పంచుకునే చిత్రం అటువంటివే. అందులో పేరు సరిగ్గా ఉంటుంది, ఫొటో మధ్యలో బిడ్డ ఉంటుంది. పత్రిక ఇవ్వని క్రమాన్ని కుటుంబం తానే ఏర్పరచుకుంటుంది. కాని ఫ్లెక్సీ వర్షానికి చిరుగుతుంది, చరవాణి మారితే చిత్రం పోతుంది. రేపటి పరిశోధకుడికి గ్రంథాలయంలో దొరికేది జిల్లా ఎడిషనే. అందులో ముఖ్య అతిథి పేరు ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కింది నిర్ధారణలు చేయవచ్చు.

1. పాఠశాల క్రీడావార్తపై తల్లిదండ్రుల అభ్యంతరం జిల్లా ఎడిషన్ సృష్టించిన అపేక్ష నుంచి పుట్టింది. స్థానికతను వాగ్దానం చేసిన పత్రికనే స్థానికులు నిలదీస్తారు.

2. ఉత్తరాంధ్రలో ఈ అభ్యంతరం ప్రధానంగా పేరు, ఫొటో, వరుస గురించినది. వార్తకు నిర్వాహకుల ప్రకటన ఆధారం కావడం, విలేకరి ఆర్థిక స్థితి, డెస్క్ కత్తిరింపు పద్ధతి దీనికి కారణాలు.

3. అక్షరాస్యత తక్కువగా ఉన్న ప్రాంతంలో ఫొటోకు వార్తతో సమానమైన విలువ ఉంటుంది. ఆడపిల్లల విషయంలో అచ్చయిన పేరు కుటుంబానికి సామాజిక సమర్థనగా పనిచేస్తుంది.

4. విమర్శ లేని స్థానిక వార్త పిల్లలను రక్షిస్తున్నట్లు కనిపించినా, వారి ఆటను నిజంగా చూసినవారు లేరన్న సంగతిని కప్పిపుచ్చుతుంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జిల్లా మారితే జిల్లా ఎడిషన్ సరిహద్దూ మారుతుంది, ఒక ఊరి పిల్లల పేర్లు మరో జిల్లా పుటల్లోకి వెళ్తాయి. ఈ ప్రాంతపు క్రీడాచరిత్ర రాయదలచినవారు పాత జిల్లా ఎడిషన్లను పాఠశాలల ఆటల రిజిస్టర్లతోనూ, ఇళ్లలో దాచిన పేపర్ కటింగులతోనూ కలిపి చదవాలి. అచ్చులో పేరు తప్పిపోయిన చోట దాన్ని తిరిగి చేర్చడానికి ఆ రిజిస్టర్లు, ఆ ఫైళ్లే ఆధారం. అవి చెదలు పట్టకముందే ఆ పని మొదలుకావాలి.